ఆ రూపాయి ఎవరి చేతికి?

ఎక్కడో భూమి కంపిస్తుంది. వేల మైళ్ల దూరంలో టీవీ ముందు కూర్చున్న మన కళ్లు చెమరుస్తాయి. చేతనైనంత పంపాలనిపిస్తుంది. మరి, పంపిన ఆ సొమ్ము కూలిన ఇంటిముందు కూర్చున్న మనిషిని చేరుతుందా? చేరాలంటే ఎవరికివ్వాలి, ఎప్పుడివ్వాలి, ఇచ్చేముందు ఏమడగాలి?

టీవీలో శిథిలాల కిందినుంచి ఓ పాపను బయటికి తీస్తున్నారు. అన్నం తింటున్నవాళ్ల చేతులు అలాగే ఆగిపోయాయి. 'నాన్నా, మనం కూడా డబ్బులు పంపుదామా... నా పుట్టినరోజుకి కొత్త గౌను వద్దులే' అంది తొమ్మిదేళ్ల కూతురు. 'అలాగే తల్లీ' అంటూ ఫోను తీశాడు తండ్రి. అప్పటికే అందులో నాలుగు సందేశాలు. ఒకటి, ఎన్నడూ పేరు వినని ఓ సంస్థది. రెండోది అపార్ట్‌మెంట్‌ గ్రూపులోంచి- 'పాతబట్టలు సేకరిస్తున్నాం, కింద వాచ్‌మన్‌కి ఇవ్వండి' అని. మూడోది ఐక్యరాజ్యసమితికి చెందిన సంస్థది. నాలుగోది ఎవరో పంపిన క్యూఆర్‌ కోడ్‌. 'ఇంతకీ ఎవరికి పంపాలి?' అన్న భార్య ప్రశ్నకు జవాబు తెలియక 'రేపు చూద్దాంలే' అనేశాడాయన. తెల్లారేసరికి టీవీలో ఇంకో వార్త. పాప మాత్రం అడుగుతూనే ఉంది- పంపావా నాన్నా అని.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. విదేశాల్లో విపత్తు వచ్చిన ప్రతిసారీ లక్షల ఇళ్లలో జరిగేదే. ఇవ్వాలన్న మనసుంటుంది, ఎవరికివ్వాలో తెలియదు. తెలియక కొందరు ఆగిపోతారు. మరికొందరు కంటికి ముందు కనిపించినదానికి పంపేస్తారు.

జోలెపట్టిన రోజులు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. దాదాపు పదివేలమంది ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు ఎన్టీఆర్‌, ఏఎన్నార్‌ తోటి నటీనటులతో కలిసి ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. ఆ జోలెలో రూపాయి వేసినవారికి దివిసీమ ఎక్కడుందో తెలుసు. అక్కడ చుట్టాలో స్నేహితులో ఉన్నవాళ్లూ ఉన్నారు. సాయం అందిందో లేదో ఓ ఉత్తరం రాసి కనుక్కోవచ్చు. అందకపోతే నిలదీయొచ్చు.

దూరదేశానికి పంపే రూపాయికి ఆ వీలు లేదు. దాతకీ బాధితుడికీ మధ్య ఎన్నో చేతులుంటాయి. చందా వసూలుచేసే సంస్థ, దాని ప్రధాన కార్యాలయం, ఆ దేశంలోని శాఖ, అది పని అప్పగించే మరో సంస్థ, కాంట్రాక్టరు... అన్ని చేతులూ దాటాక కానీ అది గుడారం దగ్గరికి చేరదు. ఇచ్చినవారికి తీసుకున్నవారు కనపడరు, తీసుకున్నవారికి ఇచ్చినవారు తెలియరు. అందుకే ఇచ్చేముందు ఒకింత ఆలోచన అవసరం. అలా ఆలోచించకపోతే ఏమవుతుందో హైతీని చూస్తే అర్థమవుతుంది.

హైతీ చెప్పిన పాఠం

2010 జనవరి 12 సాయంత్రం. కరీబియన్‌ దీవుల్లోని హైతీని 7.0 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. రాజధాని పోర్టోప్రిన్స్‌ నేలమట్టమైంది. అధ్యక్షభవనం కూలింది. ఐక్యరాజ్యసమితి శాంతిసేన కార్యాలయం కూలి, ఆ సంస్థ సిబ్బందే వందమందికి పైగా మరణించారు. మొత్తం మృతుల సంఖ్య లక్ష నుంచి మూడు లక్షల వరకూ ఉంటుందని రకరకాల అంచనాలు. దాదాపు 15లక్షలమందికి నిలువనీడ లేకుండా పోయింది.

ప్రపంచం కదిలిపోయింది. అమెరికాలో సెల్‌ఫోన్‌ నుంచి 'హైతీ' అని ఒక్క సందేశం పంపితే చాలు, పది డాలర్లు రెడ్‌క్రాస్‌ ఖాతాలో పడేలా ఏర్పాటుచేశారు. అలా పది పది డాలర్లే 3.2కోట్ల డాలర్లయ్యాయి. అమెరికన్‌ రెడ్‌క్రాస్‌కి హైతీ కోసం మొత్తంగా వచ్చింది దాదాపు 48.8కోట్ల డాలర్లు.

ఐదేళ్లు గడిచాయి. 2015లో ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్‌ అనే రెండు వార్తాసంస్థల విలేకరులు హైతీ వెళ్లి లెక్క తీశారు. అంత సొమ్ముతో ఆ సంస్థ కట్టిన శాశ్వత గృహాలు ఆరంటే ఆరేనని రాశారు. దాతలు నివ్వెరపోయారు. రెడ్‌క్రాస్‌ ఆ కథనంతో విభేదించింది. ఎవరి స్థలం ఎవరిదో తేల్చే పత్రాల్లేకపోవడంతో కొత్త ఇళ్లు కట్టడం సాధ్యంకాలేదనీ, మరమ్మతులకూ అద్దెలకూ ఆసుపత్రులకూ తాగునీటికీ ఖర్చుచేశామనీ వివరణ ఇచ్చింది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే మరుసటి ఏడాది అమెరికా సెనేటర్‌ ఒకరు విడుదలచేసిన నివేదిక, ఆ విరాళాల్లో నాలుగోవంతు- సుమారు 12.4కోట్ల డాలర్లు- సంస్థ సొంత ఖర్చులకే పోయాయని తేల్చింది. డాలరులో 91సెంట్లు బాధితులకే చేరతాయన్నది అంతకుముందు సంస్థ చెప్పిన మాట.

ప్రభుత్వాలిచ్చిన సాయం కథా అలాంటిదే. హైతీకి అందిన తక్షణసాయాన్ని ఐక్యరాజ్యసమితి ప్రత్యేకదూత కార్యాలయం లెక్కవేసింది. మూడోవంతుకు పైగా దాతదేశాల సొంత సహాయక, సైనిక బృందాల ఖర్చుల కిందే వెనక్కి వెళ్లింది. హైతీ ప్రభుత్వం చేతికొచ్చింది ఒక్క శాతం. హైతీ స్వచ్ఛందసంస్థలకు దక్కింది అంతకన్నా తక్కువ- 0.4శాతం! సాయం పేరు హైతీది, సొమ్ము మాత్రం ఎక్కువగా బయటివారి చేతుల్లోనే తిరిగింది.

అక్కడే ఉన్నవాళ్లు...

అదే హైతీలో ఇంకో కథ కూడా ఉంది. అమెరికా వైద్యుడు పాల్‌ ఫార్మర్‌, మిత్రులతో కలిసి 1987లో 'పార్ట్‌నర్స్‌ ఇన్‌ హెల్త్‌' అనే సంస్థ పెట్టారు. హైతీలో దాని పేరు 'జాన్మి లసాంటె'. అక్కడి క్రియోల్‌ భాషలో 'ఆరోగ్యానికి తోడు' అని అర్థం. భూకంపం వచ్చేనాటికే ఆ సంస్థ రెండు దశాబ్దాలకు పైగా హైతీ పల్లెల్లో పనిచేస్తోంది. సిబ్బందిలో అత్యధికులు హైతీవాసులే. రాజధానిలో ఆసుపత్రులు కూలిపోతే గాయపడినవారు పల్లెల్లోని ఆ ఆసుపత్రులకు వచ్చారు. భాష తెలిసిన నర్సులున్నారు, దారి తెలిసిన డ్రైవర్లున్నారు. విమానాశ్రయంలో చోటు కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు.

ఆ ఎదురుచూపు మామూలుది కాదు. పోర్టోప్రిన్స్‌ విమానాశ్రయంలో ఉన్నది ఒకే రన్‌వే. కంట్రోల్‌ టవర్‌ దెబ్బతింది. ఓడరేవూ పాడైంది. గాలి నింపి నిలబెట్టే ఆసుపత్రి సామగ్రితో వచ్చిన ఎంఎస్‌ఎఫ్‌(డాక్టర్స్‌ వితౌట్‌ బోర్డర్స్‌) విమానానికే దిగే అవకాశం దొరకలేదు. పక్కనున్న డొమినికన్‌ రిపబ్లిక్‌కి మళ్లించి, అక్కణ్నుంచి రోడ్డుమార్గాన సామాను తేవాల్సివచ్చింది. శిథిలాల్లోంచి మనుషుల్ని తీసే అంతర్జాతీయ బృందాలు అన్నీ కలిసి ప్రాణాలతో కాపాడింది సుమారు 130మందిని. మిగిలినవారిని వట్టి చేతులతో ఇటుకలు తొలగించి బయటికి తీసింది పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లే.

ఆ ఏడాది అక్టోబరులో కలరా వచ్చిపడింది. ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరంలోని మురుగు నదిలో కలవడమే దానికి కారణమని పరిశోధకులు తేల్చారు. సుమారు పదివేలమంది చనిపోయారు. 2016లో ఆ సంస్థ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పింది. సాయంచేయడానికి వచ్చినవారివల్లే కీడు జరగడమంటే ఇదే. ఆ రోగుల్ని ఆదుకున్నవారిలో అప్పటికే అక్కడ పాతుకుపోయిన జాన్మి లసాంటె ముందుంది. 2013లో మిర్బలే పట్టణంలో మూడొందల పడకల బోధనాసుపత్రినీ ఆ సంస్థ తెరిచింది. అలాగని దానికీ కష్టాలు తప్పలేదు. సాయుధముఠాల దాడులతో 2025లో ఆ ఆసుపత్రి సేవలు ఆపేయాల్సివచ్చింది. విరాళం ఆసుపత్రిని కట్టగలదు, శాంతిభద్రతల్ని తేలేదు. అయితే ఒక సంగతి స్పష్టం. విపత్తు తర్వాత వచ్చినవారికన్నా విపత్తుకు ముందునుంచీ ఉన్నవారి చేతిలో రూపాయి ఎక్కువ పనిచేస్తుంది.

ఇక పంపకండి!

విరాళం వద్దన్న సంస్థను ఎక్కడైనా చూశామా? 2004 డిసెంబరు 26న హిందూమహాసముద్రంలో సునామీ వచ్చింది. 14దేశాల్లో 2లక్షల 27వేలమందికి పైగా చనిపోయారు. మన కోస్తా కూడా ఆ దెబ్బ తిన్నదే. ప్రపంచమంతటినుంచీ డబ్బు వెల్లువెత్తింది. వారం తిరిగేసరికి- 2005 జనవరి మొదట్లోనే- ఎంఎస్‌ఎఫ్‌ ఓ ప్రకటన చేసింది. 'సునామీ బాధితులకు మేం చేయగలిగిన వైద్యానికి సరిపడా సొమ్ము వచ్చింది. ఆ పేరుతో ఇక పంపకండి' అన్నది దాని సారాంశం. మిగతా సంస్థలకు ఈ ప్రకటన నచ్చలేదు. ఇలా చెబితే దాతలు అందరికీ ఇవ్వడం మానేస్తారని కోప్పడ్డాయి.

అప్పటికే వచ్చిన దాదాపు 11కోట్ల యూరోలను ఏంచేయాలి? 'వేరే ఆపదల్లో ఉన్నవారికి వాడమంటారా, వెనక్కి ఇచ్చేయమంటారా' అని దాతలనే అడిగిందా సంస్థ. 99శాతం మంది వాడమన్నారు. ఆ సొమ్ముతో నైజర్‌లో ఆకలితో అలమటిస్తున్న పసివాళ్లకూ, 2005 అక్టోబరులో కశ్మీర్‌ భూకంప బాధితులకూ సాయం అందింది. నిజం చెబితే దాత అర్థం చేసుకుంటాడనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

ఆ సంస్థ అలా ఎందుకు చేసిందో తర్వాత వచ్చిన లెక్కలు చెప్పాయి. సునామీ సాయంపై 2006లో వెలువడిన అంతర్జాతీయ మదింపు ప్రకారం, ఒక్కో సునామీ బాధితుడికి సగటున 7,100డాలర్లకు పైగా సాయం సమకూరింది. అదే 2004లో బంగ్లాదేశ్‌ వరదల్లో చిక్కుకున్న ఒక్కొక్కరికి ఖర్చుచేసింది మూడంటే మూడు డాలర్లు! కెమెరా ఎక్కడుంటే చందా అక్కడికి వెళ్తుంది. వరదనీటిలో నిలబడ్డ బంగ్లాదేశ్‌ రైతు టీవీలో కనపడలేదు, అంతే తేడా.

చీరలు పంపితే..?

నాగపట్నం రోడ్ల పక్కన గుట్టలుగా పడివున్న పాతబట్టలు 2005లో చాలామంది చూసిన దృశ్యం. లారీలకొద్దీ వచ్చిన వాటిని జాలర్ల కుటుంబాలు ముట్టుకోలేదు. నిన్నటిదాకా కష్టపడి సంపాదించుకున్నవాళ్లు మరి, ఎవరో విడిచిన బట్ట కట్టుకోవడానికి మనసొప్పలేదు. వాటిని ఎత్తిపోయడం పంచాయతీలకు అదనపు పని అయింది.

ఇండొనేషియాలోని ఆచే రాష్ట్రానికి దాదాపు 4వేల టన్నుల మందులు వచ్చిపడ్డాయి. అక్కడి జనాభా సుమారు 40లక్షలే. మందుల్లో 70శాతానికి స్థానిక వైద్యులకు తెలియని భాషల్లో చీటీలున్నాయి. గడువు దగ్గరపడినవీ బోలెడు. వాటిని దాచడానికి గోదాములూ, తగలబెట్టడానికి డబ్బూ మళ్లీ బాధితుల దేశమే వెతుక్కోవాల్సివచ్చింది. శ్రీలంకలో అయితే పడవలు పంచినవారు ఎక్కువై, కొన్నిచోట్ల చేపలకన్నా పడవలే ఎక్కువన్నట్లు తయారైంది.

బియ్యం సంగతీ అంతే. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టాల్సిందే. కానీ బయటినుంచి వచ్చే చవకబియ్యం అక్కడి రైతు నోట మట్టికొట్టకూడదు. 1990లలో హైతీ దిగుమతి సుంకాలు తగ్గించి అమెరికా బియ్యాన్ని రానిచ్చింది. అక్కడి వరిసాగు చితికిపోయింది. ఆనాటి అమెరికా అధ్యక్షుడు బిల్‌ క్లింటనే 2010లో ఆ విధానం పొరపాటని బహిరంగంగా ఒప్పుకున్నారు. డబ్బు పంపితే ఆ ఊళ్లోనే సరుకు కొంటారు. అంగడి తెరుచుకుంటుంది, కూలీకి పని దొరుకుతుంది. పైగా ఏం కావాలో బాధితులకే బాగా తెలుసు.

'అనాథల' కోసం అంటే...

పసిపిల్లల ఫొటో చూస్తే ఎవరికైనా చెయ్యి జేబులోకి వెళ్తుంది. అందుకే అక్కడ మరింత జాగ్రత్త కావాలి. హైతీ భూకంపం వచ్చిన రెండు మూడువారాలకే 33మంది చిన్నారుల్ని బస్సులో సరిహద్దు దాటించబోతూ పదిమంది అమెరికన్లు పట్టుబడ్డారు. అనాథల్ని ఆదుకుంటున్నామన్నారు. తీరా చూస్తే ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు. పిల్లల్ని కొత్తగా కట్టే ఆశ్రమాలకు చేర్చేవారికన్నా, తప్పిపోయిన పిల్లల్ని సొంతవాళ్ల దగ్గరికి చేర్చేవారికి ఇచ్చే విరాళమే మేలు.

తారల పేరు చూసి ఇవ్వడమూ అంతే. హైతీలోనే పుట్టిన ఓ ప్రసిద్ధ గాయకుడి సంస్థకు 2010లో అభిమానులు కోట్ల డాలర్లు పంపారు. రెండేళ్లకల్లా అది అప్పులతో మూతపడింది. అభిమానం వేరు, పనిచేసే సామర్థ్యం వేరు.

మన దగ్గర్నుంచి పంపాలంటే

మనదేశం నుంచి విదేశీ విపత్తుకు సాయం చేయాలనుకుంటే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇక్కడ నమోదైన ధర్మసంస్థలు విరాళాల్ని విదేశాల్లో ఖర్చుచేయాలంటే పన్ను నిబంధనలు అడ్డొస్తాయి, ప్రత్యేక అనుమతి కావాలి. కాబట్టి అంతర్జాతీయ సంస్థ భారతశాఖకు ఇచ్చిన సొమ్ము ఒక్కోసారి మనదేశంలోని కార్యక్రమాలకే వెళ్లొచ్చు. అదేం తప్పు కాదు, కానీ ఇచ్చేముందు తెలియాలి. 'ఈ సొమ్ము ఆ దేశానికే వెళ్తుందా' అని సూటిగా అడగొచ్చు.

విదేశీ సంస్థకు నేరుగా పంపాలంటే రిజర్వుబ్యాంకు నిబంధనల మేరకు బ్యాంకుద్వారా పంపే వీలుంది. బ్యాంకువాళ్లు ఎందుకు పంపుతున్నారో అడుగుతారు, పాన్‌ వివరాలు తీసుకుంటారు. అయితే '80జీ' పేరుతో అందరికీ తెలిసిన పన్ను మినహాయింపు విదేశీ సంస్థలకిచ్చిన విరాళాలకు వర్తించదు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు ఇంకాస్త సులువు. అక్కడి సేవాసంస్థలు ఏటా సమర్పించే '990' పత్రాలను ఎవరైనా చూడొచ్చు. జీతాలకెంత, చందాల వసూలుకెంత, సేవకెంత... అన్నీ అందులో ఉంటాయి. బ్రిటన్‌లో 1963 నుంచీ పేరున్న పలు సంస్థలు 'డిజాస్టర్స్‌ ఎమర్జెన్సీ కమిటీ' పేరుతో ఒకే పిలుపు ఇస్తున్నాయి. పెద్ద విపత్తు వస్తే దాత ఎవరికివ్వాలా అని తడుముకోకుండా ఒక్కచోట ఇస్తే చాలు.

మోసాల సంగతి చెప్పేదేముంది! 2020లో పీఎం కేర్స్‌ నిధి ప్రకటించగానే దాని యూపీఐ చిరునామాలోంచి ఒక్క 'ఎస్‌' అక్షరం తీసేసి నకిలీ చిరునామా తయారుచేశారు మోసగాళ్లు. ఎవరో పంపిన క్యూఆర్‌ కోడ్‌కి కాకుండా, సంస్థ వెబ్‌సైట్‌ పేరు మనమే టైపుచేసి అక్కణ్నుంచి పంపడం క్షేమం.

ఇచ్చేముందు ఆరు ప్రశ్నలు

* విపత్తుకు ముందు కూడా ఈ సంస్థ ఆ దేశంలో పనిచేస్తోందా? ఎన్నేళ్లనుంచి?

* అక్కడి సిబ్బందిలో స్థానికులెందరు? పని తానే చేస్తుందా, ఇంకొకరికి అప్పగిస్తుందా? అప్పగిస్తే ఎవరికి?

* సాయం వెళ్లే దారి ఉందా? 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాల్లో భూకంపం వచ్చినప్పుడు వాయవ్య సిరియాకి ఐక్యరాజ్యసమితి వాహనశ్రేణి చేరడానికి మూడురోజులు పట్టింది. అప్పటిదాకా శిథిలాలు తవ్వింది స్థానిక 'వైట్‌ హెల్మెట్స్‌' కార్యకర్తలే. 2025 మార్చి 28న మయన్మార్‌లో భూకంపం వచ్చినప్పుడూ అంతర్యుద్ధంవల్ల కొన్ని ప్రాంతాలకు సాయం వెళ్లడం గగనమైంది. ఎవరు ఎక్కడిదాకా వెళ్లగలరన్నది అడగాల్సిందే.

* అవసరానికి మించి వస్తే ఏంచేస్తారు? దీనికి జవాబు ముందే రాసిపెట్టిన సంస్థ నమ్మదగినది.

* గత విపత్తులో ఏంచేశారో లెక్క చూపించగలరా? 'ఇన్ని లక్షలమందికి మేలుచేశాం' అంటే సరిపోదు. ఎన్ని ఇళ్లు, ఎన్ని బావులు, ఎందరికి వైద్యం... అలా ఉండాలి.

* నిర్వహణ ఖర్చు ఎంత? ఇది తక్కువుంటే మంచిదే కానీ, అదొక్కటే కొలమానం కాదు. లెక్కలు రాసే గుమస్తా, సరుకు చేరిందో లేదో చూసే పర్యవేక్షకుడు కూడా ఆ ఖర్చులోనే ఉంటారు. వాళ్లు లేని సంస్థలోనే సొమ్ము ఎటుపోయిందో తెలియకుండా పోతుంది.

కెమెరాలు వెళ్లాక...

2015 ఏప్రిల్‌ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది. దాదాపు 9వేలమంది చనిపోయారు. లక్షల ఇళ్లు కూలాయి. మొదటి వారం ప్రపంచం కళ్లన్నీ కాఠ్‌మాండూ మీదే. పునర్నిర్మాణ సంస్థ పనిలోకి దిగేసరికి మాత్రం డిసెంబరు వచ్చేసింది. ఇల్లు కట్టుకోవడానికి కుటుంబానికి 3లక్షల నేపాలీ రూపాయలు విడతలవారీగా ఇచ్చారు. అవి అందేలోగా ఎన్నో కుటుంబాలు రేకులషెడ్లలోనే మంచుకాలం గడిపాయి. అప్పుడు అక్కడ కెమెరాలు లేవు. చందాల పిలుపులూ లేవు. అవసరం మాత్రం ఉంది.

అందుకే అనుభవజ్ఞులు చెప్పే మాట ఒకటుంది. ఇవ్వాలనుకున్నది రెండు భాగాలు చేయండి. ఒకటి వెంటనే- ఆ దేశంలో ముందునుంచీ ఉన్న వైద్య, సహాయక సంస్థకి. రెండోది ఆరునెలల తర్వాత- ఇళ్లూ బడులూ కట్టేవారికి. వీలైతే 'ఫలానా విపత్తుకే' అని షరతు పెట్టకుండా ఇవ్వండి. మూడు డాలర్లతో సరిపెట్టుకున్న బంగ్లాదేశ్‌ రైతు లాంటివారికీ అందులోంచి కొంత దక్కుతుంది.

ఇన్ని ప్రశ్నలు చదివాక 'అమ్మో, ఇదంతా మనవల్ల కాదు, మానేద్దాం' అనిపిస్తే మాత్రం అన్నింటికన్నా పెద్ద నష్టం అదే. ప్రశ్నలు ఇవ్వకుండా ఉండటానికి కాదు, ఇచ్చింది చేరడానికి. ఈ ఆరింటికీ జవాబులు వెతకడానికి ఓ అరగంట చాలు. కొత్త గౌను వదులుకున్న ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకుని వెతికితే ఇంకా మంచిది. హైతీ ఎక్కడుందో, నేపాల్‌లో ఇల్లెలా కడతారో తనకీ తెలుస్తుంది. ఆరునెలల తర్వాత 'మనం పంపిన డబ్బుతో ఏంచేశారు నాన్నా' అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన సంస్థకే ఆ రూపాయి వెళ్లాలి.